ఠప్పుమంటే ఆగండి

అందరికీ నమస్కారం. ఇవాళ మన విషయం తూటాలు సొంతంగా నింపుకోవడం. మొదలుపెట్టే ముందు ఈ చిన్న డబ్బాని ముందు వరుస నుంచి వెనక్కి పంపిస్తున్నాను. మూత తీసి లోపల ఉన్నది చేతిలోకి తీసుకుని చూడండి. బూడిద రంగు సీసపు ముక్క. పక్కల చుట్టూ ఏటవాలుగా గీతలుంటాయి, వెనకవైపు మసి ఉంటుంది. అదేమిటో తరవాత చెబుతాను.

ముందు మాటల సంగతి తేల్చుకుందాం. మనం తూటా అంటే మొత్తం తూటానీ అంటాం, దాని ముక్కున ఉండే సీసాన్నీ అంటాం. కబుర్లకైతే ఫరవాలేదు, ఈ పనికి అది కుదరదు. అందుకని ఇవాళ నేను గుండు అంటే తుపాకి గొట్టంలోంచి బయటికి వెళ్ళే సీసం. కేసు అంటే ఇత్తడి గుల్ల. ప్రైమర్ అంటే కేసు అడుగున తుపాకి సుత్తి దెబ్బకి నిప్పు పుట్టించే చిన్న గిన్నె. మందు అంటే తుపాకి మందు. ఈ నాలుగూ కలిస్తే తూటా. మందుకి తెలుగులో ఇంకో రెండు అర్థాలున్నాయని మీకు తెలుసు. డాక్టరు రాసిచ్చే మందు మగత తెచ్చే రకమైనా, సీసాలో వచ్చే మందు ఒక్క గుక్క పడినా, ఆ రోజుకి ఈ మూడో మందు జోలికి వెళ్ళకండి. నవ్వుతున్నారు గానీ నేను నిజంగానే చెబుతున్నాను.

ఇంకో రెండు ముక్కలు. తూటాలు సొంతంగా నింపుకోవడం కొన్ని దేశాల్లో మామూలు హాబీ, కొన్ని దేశాల్లో లైసెన్సు లేకపోతే నేరం. మీరున్న చోట చట్టం ఏమంటుందో ముందు తెలుసుకోండి. తెలుసుకున్నాకే మిగతా మాటలు. రెండోది, ఏ మందు ఎంత పోయాలో ఇవాళ నేను చెప్పను. ప్రసంగంలో విన్న అంకె నమ్మదగింది కాదు. నేను నాలుగు పాయింట్ ఒకటి అంటే మీరు నాలుగున్నర అని రాసుకుంటారు. ఆ అంకె మందు కంపెనీ అచ్చు వేసిన పుస్తకంలోంచే రావాలి, అదీ మీ చేతిలో ఉన్న గుండు రకానికి, బరువుకి సరిపోయే పేజీలోంచి.

ఇక అసలు విషయం. కొత్తగా ఈ పనిలోకి వచ్చినవాళ్ళకి మాగ్నం తూటాలంటే, అంటే మామూలు కంటే బలమైనవంటే, భయం. చెయ్యి జాడిస్తుంది, చెవులు గింగిర్లెత్తుతాయి, కాబట్టి ప్రమాదం అక్కడే ఉందనుకుంటారు. నా అనుభవంలో మాత్రం జనం దెబ్బతినేది మెత్తటి టార్గెట్ తూటాలతోనే. కాగితానికి చిల్లు పెట్టడానికి పోసుకునే తేలిక తూటాలు. ఎందుకో తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి.

.38 స్పెషల్ అనే రివాల్వర్ తూటా 1898లో వచ్చింది. అప్పటికి అందులో పోసింది నల్లమందు, అంటే పొగ వచ్చే పాతకాలపు నల్ల తుపాకి మందు, తొందరలోనే సుమారు 21 గ్రెయిన్లకి స్థిరపడింది. గ్రెయిన్ అంటే ఇక్కడ తూకం, 15.43 గ్రెయిన్లు కలిస్తే ఒక గ్రాము. ఆ నల్లమందు కేసుని దాదాపు నింపేసేది. ఎక్కువ పోద్దామన్నా చోటుండేది కాదు. ఇప్పుడు మనం వాడే పొగలేని మందు దానికంటే ఎన్నో రెట్లు చురుకైనది. టార్గెట్ తూటాకి పట్టేది ఎంతంటే, పావు గ్రాము చుట్టుపక్కల. రెండు వేళ్ళ మధ్య పట్టే చిటికెడు ఉప్పు పాటి. కేసు మాత్రం ఆనాటిదే, అంతే పొడుగు, అంతే లోతు. అంటే మందు అడుగున ఎక్కడో ఉంటుంది, పైనంతా ఖాళీ. పొరపాటున రెండోసారి పోసినా కేసు నిండదు. పొంగిపోదు, పక్కకి చిందదు. గుండు కూడా మామూలుగానే కూర్చుంటుంది. బయటనుంచి చూస్తే ఒకేసారి నింపిన 50లో మిగతా 49 తూటాలకీ దీనికీ ఏ తేడా ఉండదు. .45 కోల్ట్ అనే తూటా ఇంకా పాతది, 1873 నాటిది, 40 గ్రెయిన్ల నల్లమందు కోసం చేసిన కేసు. అందులో రెండుసార్లే కాదు, కొన్ని మందులు మూడుసార్లు పోసినా పడతాయి.

రెట్టింపు మందు పడితే సిలిండర్, అంటే తూటాలు కూర్చునే గదులున్న తిరిగే భాగం, చీలి దాని మీది పైపట్టీ లేచిపోయిన రివాల్వర్ల ఫొటోలు మీరు చూసే ఉంటారు. వాటిలో చాలా వాటికి వెనకున్న కథ ఒకటే: తేలిక తూటాలు, ఫోను మోగింది, ఎక్కడ ఆపానో మరిచిపోయాను.

నేను చేసే పద్ధతి చెబుతాను, ఇందులో గొప్పేమీ లేదు. 50 గుంతలున్న చెక్క దిమ్మ ఉంటుంది. ప్రైమర్ పెట్టిన కేసులన్నీ అందులో తలకిందులుగా నిలబెడతాను. మందు పోసేటప్పుడే ఒక్కో కేసు చేతిలోకి తీసుకుని, తిరగేసి, పోసి, రెండో దిమ్మలో నోరు పైకి పెడతాను. నోరు కిందికి ఉన్న దానిలో మందు ఉండే అవకాశమే లేదు కదా. 50 అయ్యాక గదిలో లైటు ఆపేసి, టార్చి పట్టుకుని, వరసలవారీగా ప్రతి కేసులోకీ తొంగి చూస్తాను. అన్నిట్లోనూ మందు మట్టం ఒకేలా ఉండాలి. మన కంటికి ఒక గొప్ప గుణం ఉంది. అంకె చెప్పలేదు గానీ, తేడాని పట్టేస్తుంది. ఒకటి ఎత్తుగా ఉన్నా, ఒకటి ఖాళీగా ఉన్నా, పంటి వరసలో ఊడిన పన్నులా కనబడుతుంది. అనుమానం వస్తే దాన్ని తూచను, డబ్బాలోకి వంపేసి మళ్ళీ పోస్తాను. చూడటం పూర్తయ్యాకే గుండ్లు పెట్టడం.

మందు పోసే యంత్రం గురించి ఒక్కమాట. కొన్ని మందులు రేకు ముక్కల్లా ఉంటాయి. సన్నటి గొట్టంలో అవి ఒకదానికొకటి ఆనుకుని వంతెన కట్టేస్తాయి. ఒక కేసులో మందు సరిగ్గా పడదు, తరవాతి కేసుకి వచ్చేసరికి ఆ వంతెన కూలి మొత్తం దిగుతుంది. ఒకదానికి పస్తు, పక్కదానికి రెండు విస్తళ్ళ భోజనం. అందుకే ఒక ఖాళీ కేసు దొరికిందంటే, పక్కనే నిండు కేసు ఒకటి ఉందేమో చూడాలి.

వీలైతే ఉబ్బుగా ఉండే మందు ఎంచుకోండి. అంటే అదే తూకానికి ఎక్కువ చోటు పట్టేది, రెండోసారి పోస్తే కేసు పొర్లి బల్ల మీద పడేది. అది ఒకింత మసి చేస్తుందని కొందరు దూరం పెడతారు. మసి తుడుచుకోవచ్చు. బల్ల మీద ఒక్క మందు డబ్బానే ఉండాలి, పని అయ్యాక అది మూత పెట్టుకుని బీరువాలోకి వెళ్ళాలి. పేరు లేని డబ్బాలో మిగిలిన మందు ఏదో రంగు చూసి గుర్తుపడతామనుకోవద్దు. నల్లగా, బూడిదగా ఉండే పలుకులు డజన్ల రకాలున్నాయి.

ఇప్పుడు ఆ డబ్బా ఎక్కడిదాకా వచ్చింది? మూడో వరుసా? సరే, దాని కథ చెప్పేస్తాను.

కొన్నేళ్ళ కిందట రేంజిలో, అంటే కాల్పులు సాధన చేసే చోట, .38 కాలుస్తున్నాను. నా తూటాలే, నేనే పోత పోసిన గుండ్లు, తేలిక మందు. మూడు పేలాయి. నాలుగోది ఠప్పుమంది. ఢామ్మనలేదు, ఠప్పుమంది. సీసా మూత తీసినట్టు. చేతికి కుదుపు లేదు. కాగితం మీద చిల్లు లేదు. నాకేం అనిపించాలి? ఆగాలనిపించాలి. కానీ నా బొటనవేలు అప్పటికే సుత్తి మీదికి వెళ్ళిపోయింది. వేళ్ళకి వాటి అలవాటు వాటిది, బుర్రతో సంబంధం లేదు. పక్క లేన్‌లో ఉన్న మా మిత్రుడు "ఆగు!" అని అరిచాడు. ఆ అరుపు లేకపోతే ఇవాళ ఈ మైకు నేను ఇదే చేత్తో పట్టుకునేవాణ్ణో లేదో.

రివాల్వర్ గురి వైపే ఉంచి కాసేపు ఆగి, సిలిండర్ తెరిచి, అన్నీ బయటికి తీసి, గొట్టంలోంచి చూస్తే వెలుతురు లేదు. అంగుళం లోపల గుండు ఇరుక్కుని ఉంది. ఆ కేసులో మందు లేదు, ప్రైమర్ ఒక్కటే పేలింది. ప్రైమర్ ఒక్కటే చాలు, సీసపు గుండుని సిలిండర్‌లోంచి తోసి గొట్టంలోకి నెట్టడానికి. సీసం మెత్తన, పైగా దాని మీద మనం పూసిన మైనం జారుడు. ఇంకా కొంచెం వెనకే ఆగి ఉంటే సగం సిలిండర్‌లో సగం గొట్టంలో ఉండి సిలిండర్ తిరిగేది కాదు. అది అదృష్టం అనుకోవాలి, ఎందుకంటే తుపాకే మనల్ని ఆపేస్తుంది. పూర్తిగా గొట్టంలోకి వెళ్ళిందా, సిలిండర్ హాయిగా తిరుగుతుంది, తరవాతి నిండు తూటాని తెచ్చి దాని వెనక నిలబెడుతుంది.

సెమీ ఆటోమేటిక్ పిస్టల్ వాడేవాళ్ళు ఇది గమనించండి. దానిలో బలం లేని తూటా పేలితే స్లైడు, అంటే పైన ముందుకీ వెనక్కీ జరిగే భాగం, వెనక్కి రాదు, చాలాసార్లు అక్కడే పని ఆగుతుంది. రివాల్వర్‌కి ఆ అవసరమే లేదు. సిలిండర్‌ని తిప్పేది మన వేలు. ఏం జరిగిందో తుపాకికి తెలియదు, తెలియాల్సింది మనకే.

టిక్‌మంటే వేరు. సుత్తి పడి ఏ శబ్దమూ రాకపోతే కనీసం అర నిమిషం గురి వైపే పట్టుకుని ఉండండి, ఆలస్యంగా పేలే తూటాలుంటాయి. ఠప్పుమంటే మాత్రం గొట్టంలో వెలుతురు చూసేదాకా ఆ తుపాకి పని అయిపోయినట్టే. ఇరుక్కున్న గుండుని ఇంకో తూటాతో తోసేద్దామనే ఆలోచన కలలో కూడా రానివ్వద్దు. ఖాళీ చేసిన తుపాకిలో, కాస్త నూనె వేసి, గొట్టానికి సరిపోయే ఇత్తడి కడ్డీతో మెల్లగా కొట్టి తీస్తారు. ఎప్పుడూ చెయ్యకపోతే తుపాకి మెకానిక్ దగ్గరికి వెళ్ళండి. ఆ డబ్బాలో ఉన్నది ఆ గుండే. గీతలు గొట్టం లోపలి రైఫ్లింగ్‌వి, అంటే మెలికలు తిరిగిన గాడులవి.

ఈ లెక్కనే ఇంకో పొరపాటు కూడా చూశాను. పుస్తకంలో సీసపు గుండుకి రాసిన తేలిక మందుని, రాగి తొడుగున్న గుండు వెనక పోశాడొకాయన. బరువు ఒకటే కదా అని. రాగి తొడుగు గొట్టాన్ని గట్టిగా పట్టుకుంటుంది, తక్కువ ఒత్తిడికి కదలదు, మధ్యలో ఆగిపోతుంది. తగ్గిస్తే ఎప్పుడూ క్షేమమే అనే లెక్క ఇక్కడ చెల్లదు. పుస్తకంలో కనిష్ఠం అని రాసిన అంకె కూడా గోడే, దాని కిందికి దిగకూడదు.

పోతపోసే దగ్గరికి వద్దాం. సీసం 327 డిగ్రీల సెల్సియస్‌కి కరుగుతుంది. ఉత్త సీసం మరీ మెత్తన, గోటితో గీసినా గీత పడుతుంది. అందుకని గట్టిదనానికి ఆంటిమొని, అచ్చులో మూలమూలకీ పారడానికి తగరం కలుపుతారు. కుండ వేడి 400 డిగ్రీలు దాటకుండా చూసుకోవడం మంచిది. కారణం జింకు. సీసం కోసం కరిగించే పాత చక్రాల బరువుల్లో, అంటే కారు చక్రానికి తూకం కోసం తగిలించే ముక్కల్లో, ఈ మధ్య జింకువి కలిసి వస్తున్నాయి. అది 420 దగ్గర కరుగుతుంది. వేడి అదుపులో ఉంటే అది కరక్కుండా పైన తేలుతుంది, గరిటెతో తీసి పారెయ్యొచ్చు. కరిగిందా, కుండ మొత్తం పెరుగు విరిగినట్టు అయిపోతుంది.

నీళ్ళ మాట. కరిగిన సీసం మీద నీటి చుక్క పడితే చాలాసార్లు పైనే చిందులేసి ఆవిరైపోతుంది. అది చూసి కొందరు ధైర్యం తెచ్చుకుంటారు. ప్రమాదం పైన పడిన చుక్కతో కాదు, కిందికి వెళ్ళిన చుక్కతో. తడి సీసపు దిమ్మ కుండలో మునిగిందనుకోండి, దాని పగుళ్ళలోని నీళ్ళు సీసం అడుగున ఒక్కసారిగా ఆవిరవుతాయి. ఆవిరైతే నీళ్ళు దాదాపు 1700 రెట్లు ఉబ్బుతాయి. పైనున్న సీసమంతా కప్పుకి ఎగురుతుంది, కిందికి మన మీదికి వస్తుంది. అందుకే కొత్త దిమ్మని కుండ అంచు మీద పెట్టి బాగా వేడెక్కాకే లోపలికి దించుతాను. గరిటె కూడా అంతే. రేంజి మట్టిలోంచి ఏరుకొచ్చిన సీసమైతే అసలు చల్లటి కుండలో వేసి, మూత పెట్టి, అప్పుడే మంట పెట్టండి. అందులో తడి ఉంటుంది, ఒక్కోసారి పేలని తూటా కూడా ఉంటుంది. కళ్ళద్దాలు, పొడుగు చేతుల నూలు చొక్కా, తోలు బూట్లు. నైలాన్ వద్దు, చర్మానికి కరిగి అంటుకుంటుంది.

పొగ గురించి అందరూ అడుగుతారు. సీసం మరిగేది 1749 డిగ్రీల దగ్గర. మన కుండలో 400 లోపు, కాబట్టి సీసపు ఆవిరి లెక్కలోకి రానంత తక్కువ. అలాగని కిటికీ మూసుకుని పొయ్యమని కాదు. అసలు శత్రువు దుమ్ము. కుండ పైన తేలే తెట్టు పొడి, మనం గీకి డబ్బాలో వేసే బూడిద, అది సీసపు ఆక్సైడు. వేళ్ళకి అంటుతుంది, వేళ్ళు నోటికి వెళతాయి. దానికంటే నన్ను దెబ్బకొట్టింది ఇంకొకటి. పేల్చిన కేసుల్ని శుభ్రం చెయ్యడానికి పొట్టులో వేసి తిప్పే టంబ్లర్. ప్రైమర్లలో మామూలుగా వాడేది సీసపు ఉప్పే, లెడ్ స్టిఫ్నేట్. అది కాలాక మిగిలిన సీసం కేసు లోపల మసిగా ఉంటుంది, టంబ్లర్ దాన్ని పొట్టులోకి దింపుతుంది, మనం మూత తీసి కేసుల్ని జల్లెడ పడితే గదంతా ఎగురుతుంది. ఒక ఏడాది నా రక్తంలో సీసం అంతకు ముందు ఏడాదికి రెట్టింపు అయింది. నేను పోత పొయ్యడమే మానేద్దామనుకున్నాను. తీరా చూస్తే పోత కాదు, ఇంట్లో ఆ జల్లెడ. టంబ్లర్ని బయటికి మార్చి, నీళ్ళతో కడిగే పద్ధతిలోకి వచ్చాను, అంకె దిగింది.

పిల్లలున్న ఇల్లయితే ఇంకా గట్టిగా చెబుతాను. సీసానికి ఫలానా మోతాదు దాకా హాని లేదని చెప్పే హద్దు ఏదీ తెలియదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది. డెసిలీటరు రక్తంలో 5 మైక్రోగ్రాములు కనబడినా ఎక్కడి నుంచి వస్తోందో వెతకమంటుంది. రక్తంలోది నెలల్లో తగ్గుతుంది, ఎముకల్లో చేరింది దశాబ్దాలు ఉంటుంది. పని బట్టలు, పని చెప్పులు వేరే పెట్టుకోండి. చీపురుతో ఊడవద్దు, మామూలు వాక్యూమ్ పెట్టొద్దు, తడిగుడ్డతో తుడవండి. ఏడాదికోసారి రక్త పరీక్ష.

అక్కడ చెయ్యెత్తారు, అడగండి.

"సార్, గొట్టంలో సీసం పూత పడుతోంది. గుండుని ఇంకా గట్టిగా చేస్తే పోతుంది కదా?"

అందరూ మొదట చేసేది ఇదే. .357 మాగ్నం 1935లో వచ్చినప్పుడు కంపెనీ తూటాల్లోని సీసపు గుండ్లు గొట్టాల్ని విపరీతంగా పూసేసేవి, అప్పటి నుంచీ గట్టి సీసమే విరుగుడు అని జనానికి పట్టుకుంది. కానీ ముందు చూడాల్సింది కొలత. .38 అనే పేరే అబద్ధం, గొట్టం లోపలి గాడుల కొలత .357 అంగుళం. గుండు దానికంటే అంగుళంలో ఒక వెయ్యో వంతు లావుండాలి, .358. సన్నగా ఉంటే వేడి గాలి పక్కలనుంచి జారి గుండుని కోసుకుంటూ పోతుంది, ఆ కోసిన సీసమే పూత. ఇంకో మెలిక, సిలిండర్ గదుల మూతులు గొట్టం కంటే ఇరుకుగా ఉంటే మీరు .358 పెట్టినా అక్కడే నలిగి సన్నబడి గొట్టంలోకి వస్తుంది. గట్టిదైతే మరీ నష్టం, మెత్తనిదైతే ఒత్తిడికి ఉబ్బి మళ్ళీ గాడుల్ని నింపుకునే అవకాశమైనా ఉంది. కాబట్టి మీ గుండుని సిలిండర్ ముందు నుంచి వేలితో తోసి చూడండి. కొంచెం బిగువుగా దిగాలి. జారి పడినా, అసలు వెళ్ళకపోయినా జవాబు అక్కడే ఉంది.

వెనక నుంచి ఇంకొకరు. "ఒక బ్యాచ్‌లో రెట్టింపు పడిందేమో అని అనుమానం. తయారైన తూటాల్ని తూచి కనిపెట్టొచ్చా?"

లేదు. ఇది బాగా అడిగారు. మందు మూడు నాలుగు గ్రెయిన్లు. ఒక కేసుకీ ఇంకో కేసుకీ బరువులో తేడానే అన్ని గ్రెయిన్లు ఉండొచ్చు, చేత్తో పోసిన గుండ్లలో ఇంకో గ్రెయినో రెండో. ఆ గోలలో మందు తేడా దాక్కుంటుంది. అన్నీ విప్పండి. గుండు ఊడదీసే ప్లాస్టిక్ సుత్తి ఉంటుంది, 50 విప్పడానికి ఒక సాయంత్రం పడుతుంది, చెయ్యి నొప్పి పుడుతుంది. నేను రెండుసార్లు విప్పాను. ఒకసారి ఏమీ దొరకలేదు. రెండోసారి 37వ తూటాలో దొరికింది.

కేసు అంచుని గుండు గాడిలోకి మడవడం, అదే క్రింప్, దాని గురించి చెప్పడం మరిచాను. బరువు తూటాల్లో అది వదులైతే, పేలిన ప్రతిసారీ కుదుపుకి మిగతా గదుల్లో గుండ్లు ముందుకి జరిగి సిలిండర్ని పట్టేస్తాయి. ప్రైమర్ కూడా కేసు మట్టానికి పైకి ఉండకూడదు, వేలితో తడిమి చూస్తే తెలుస్తుంది. మిగతావి బల్ల దగ్గర చూపిస్తాను.

డబ్బా తిరిగొచ్చిందా? ఇటివ్వండి. అందులోది సీసం, మీరు చాలామంది చేత్తో పట్టుకున్నారు. కుళాయి, సబ్బు తలుపు పక్కనే ఉన్నాయి. ముందు అక్కడికి వెళ్ళి, తరవాత బల్ల దగ్గరికి రండి.